తెల్లారేసరికి మూడొందలు

శాంతయ్య అని పేరు పెట్టినవాళ్లు అతను పని చేసేటప్పుడు పక్కన కూర్చుని ఉండరని జగ్గయ్యపేటలో ఒక వేళాకోళం ఉండేది. స్క్రూడ్రైవర్ జారితే విసుగు. స్క్రూ తల అరిగిపోయి ఉంటే విసుగు. మూత తీసి లోపలికి చూస్తుండగా ఎవరైనా భుజం మీదుగా వంగి "ఏమైందండీ?" అని అడిగితే అన్నిటికంటే పెద్ద విసుగు.

"ఏమైందో తెలిస్తే మూత బిగించేసేవాణ్ణి కదండీ" అనేవాడు తల ఎత్తకుండానే.

తండ్రి సున్నపు బట్టీలో కూలీ. శాంతయ్య చదువు పదో తరగతితో ఆగింది. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. పాడైన రేడియో ఒకటి, బాగా పలికే రేడియో ఒకటి పక్కపక్కన పెట్టుకుని, మీటరు ముల్లు ఇక్కడొకసారీ అక్కడొకసారీ ఆనించి, తేడా ఎక్కడొచ్చిందో కనిపెట్టేవాడు. రేడియోల తర్వాత టేప్ రికార్డర్లు, తర్వాత టీవీలు. తొంభై ఆరులో మొదటిసారి కంప్యూటర్ విప్పినప్పుడూ అదే పద్ధతి. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని పేజీకి నాలుగు రోజుల చొప్పున చదివాడు. రెండేళ్లు తిరిగేసరికి జగ్గయ్యపేట, నందిగామల్లో ఉన్న కంప్యూటర్లలో సగానికి పైగా అతని చేతి మీదే నడిచేవి. అడిగినవాళ్లకి విడమరిచి చెప్పడం మాత్రం అతనికి చేతకాలేదు. చెప్పడమంటే పని ఆపుకోవడమనే అతని లెక్క.

ఇది 2001 మాఘమాసం సంగతి.

నందిగామ గాంధీ సెంటర్ దగ్గర రామకోటేశ్వరరావుగారికి పెళ్లికార్డుల షాపు ఉంది. అందులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌ని రెండేళ్ల కిందట శాంతయ్యే విడిభాగాలు తెచ్చి బిగించాడు. దాని ముందు కూర్చుని కార్డులు తయారు చేసేది కృపావతి. ముప్పై ఏళ్ల మనిషి, మాట మెత్తన, అక్షరాలు పేర్చడంలో చెయ్యి గట్టిది. వధువు తాతగారి ఇంటిపేరులో ఒత్తు తప్పిపోతే పెళ్లివారి కంటే ముందు ఆమే పట్టుకునేది.

ఆ ఏడాది కార్డులు బాగా బరువెక్కాయి. వినాయకుడు రంగుల్లో కావాలి, అరటిచెట్లు రంగుల్లో కావాలి, సన్నాయి వాయించేవాళ్లు నాలుగు మూలలా కావాలి. బొమ్మ ఒక అంగుళం పక్కకి జరిపితే తెరంతా మళ్లీ గీసుకోవడానికి ఆ మెషిన్ చాలాసేపు తీసుకునేది. పెళ్లివారు బల్ల మీద కూర్చుని సోడాలు తాగుతూ గొణిగేవారు. రావుగారి బావమరిది భవానీప్రసాద్‌కి విజయవాడలో కంప్యూటర్ల షాపు. "పాతది తీసి పారేయండి బావగారూ, వెయ్యి మెగాహెర్ట్జ్‌ది తెచ్చి పెడతా. ఎక్కడికో వెళ్లిపోతారు" అని వచ్చినప్పుడల్లా అంటుండేవాడు. ఎక్కడికి వెళ్లాలో అతనెప్పుడూ చెప్పలేదు.

ఆ మాట విని శాంతయ్య నోరు జారాడు.

"మూడొందల మెగాహెర్ట్జ్ మెషిన్ అది రావుగారూ. దాన్నే నాలుగొందల యాభైలో తిప్పి ఇస్తా. రూపాయి విలువ చేసే భాగం కూడా మార్చక్కర్లేదు."

"అదెట్లా శాంతయ్యా?"

"బోర్డు మీద ఒక తాళం కొడుతుంటుందండీ, దానికి తగ్గట్టే ప్రాసెసర్ పరిగెడుతుంది. ఇప్పుడు అరవై ఆరు కొడుతోంది. వంద కొట్టమని చెబుతా, అంతే."

అతని జీవితంలో అంత పొడవైన వివరణ అదే మొదటిది. జగ్గయ్యపేటలో తన సొంత మెషిన్ మీద మూడు నెలలుగా చేసి చూసుకున్న పనే కాబట్టి ధైర్యంగా అన్నాడు. మంగళవారం నందిగామ వెళ్లి, మెషిన్ ఆన్ కాగానే డిలీట్ నొక్కితే వచ్చే నీలం తెరలోకి దిగి, అరవై ఆరుని వంద చేశాడు. మళ్లీ ఆన్ చేస్తే నాలుగొందల యాభై. వేగం చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి తెర మీద పెట్టాడు. కృపావతి వినాయకుణ్ణి పక్కకి లాగి వదిలింది. వినాయకుడు చెప్పిన చోట ఠక్కున కూర్చున్నాడు.

"అబ్బో!" అంది కృపావతి. రావుగారు ఇంకోసారి లాగించి చూశారు. శాంతయ్య సంచి సర్దుకుని బస్సెక్కాడు.

బుధవారం పొద్దున పదింటికి జగ్గయ్యపేట షాపులో ఫోన్ మోగింది.

"శాంతయ్యగారూ, నేను కృపావతినండీ. మూడొందలే చూపిస్తోందండీ."

"సరిగ్గా చూడమ్మా."

"మూడు, పక్కన రెండు సున్నాలండీ. అంతకంటే సరిగ్గా ఎట్లా చూడమంటారు?"

మళ్లీ బస్సు. చిల్లకల్లు దాకా నిలబడే ప్రయాణం. నీలం తెర తీస్తే అరవై ఆరు అనే ఉంది. వంద చేశాడు. నాలుగొందల యాభై వచ్చింది. ముందున్న బటన్‌తో ఆపాడు, ఆన్ చేశాడు. అలా ఐదుసార్లు చేశాడు. ఐదుసార్లూ నాలుగొందల యాభయ్యే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేవలేక, బోర్డే భయపడి పాత వేగానికి దిగిపోతోందేమో అనుకున్నాడు. కొన్ని బోర్డులకి ఆ గుణం ఉందని పుస్తకంలో చదివాడు. ఆ వేగానికి శక్తి చాలట్లేదేమోనని ప్రాసెసర్‌కి అందే కరెంటు కాస్త పెంచాడు. ఫ్యాన్ మార్చాడు.

గురువారం పొద్దున ఫోన్.

"మూడొందలండీ."

"అబ్బబ్బ!" అన్నాడు శాంతయ్య, ఫోన్ పెట్టేశాక. అన్నం గిన్నె మూత తీస్తున్న భార్య ఆరోగ్యమ్మ వెనక్కి తిరిగింది.

"మళ్లీ నందిగామేనా? అక్కడేమన్నా కాపురం పెట్టావా?"

"ఉన్నదానితోనే చస్తున్నా. ఇంకోటి కూడానా!"

"నన్నంటున్నావా, కంప్యూటర్నంటున్నావా?"

శాంతయ్య చెప్పులేసుకున్నాడు.

ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది బోర్డు మీది బ్యాటరీ. పెట్టుకున్న సెట్టింగులు చెరిగిపోకుండా కాపాడేది అదే. రూపాయి బిళ్లంత ఉంటుంది. అది చస్తే సెట్టింగులతోపాటు తేదీ, టైమూ కూడా పోతాయి. శాంతయ్యకి అది తెలియక కాదు. షాపులోకి అడుగుపెడుతూనే అడిగాడు కూడా.

"టైము సరిగ్గా చూపిస్తోందా అమ్మా?"

"ఎందుకు చూపించదండీ! నిమిషం తేడా రాదు" అంది కృపావతి, కొంచెం గర్వంగానే.

తెర కింది మూలకి చూశాడు. పదకొండూ ఇరవై. చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవయ్యే. బ్యాటరీ సంగతి అక్కడితో వదిలేశాడు. సంచిలో మీటరు ఉంది. తియ్యలేదు.

ప్లగ్గు పీకకుండా, బటన్‌తోనే ఆపి మెమరీ కార్డు మార్చాడు. ఫ్యాన్ కింద రాసే తెల్ల లేపనం తుడిచి మళ్లీ రాశాడు. పెళ్లివారు ఇద్దరు బల్ల మీద కూర్చుని, విప్పిన భాగాలు పేపరు మీద పరిచి ఉండడం చూసి, "ముహూర్తానికన్నా కార్డులు వస్తాయంటారా?" అని అడిగారు. శాంతయ్య పళ్లు బిగించి స్క్రూ బిగించాడు. సరిగ్గా అప్పుడే భవానీప్రసాద్ వచ్చాడు. సెంటు వాసన అతనికంటే ముందే వచ్చింది.

"ఏంటండీ శాంతయ్యగారూ, మీ రేడియో ఇంకా స్టేషన్ పట్టలేదా?"

బల్ల మీద వాళ్లు నవ్వారు. రావుగారు నవ్వలేదు గానీ ఆపనూ లేదు.

"శాంతయ్యా, సీజనులో రోజూ రెండు గంటలు మెషిన్ విప్పుకుని కూర్చుంటే నాకెట్లా?" అన్నారు. "సోమవారం దాకా చూస్తా. సోమవారం పొద్దున వేగం నిలిచి ఉందా, సరే. లేదా, ప్రసాద్ కొత్తది తెస్తాడు. ఇక బాగోగులన్నీ కూడా అతని మనుషులే చూసుకుంటారు."

సెంటర్లో మిగతా షాపులవాళ్లు ఎవరిని పిలవాలన్నా రావుగారినే అడిగి పిలుస్తారు. ఈ ఒక్క మెషిన్ చెయ్యి జారితే నందిగామ మొత్తం జారినట్టే. ఇన్నేళ్లలో శాంతయ్య ఒక పని అవుతుందని చెప్పి చెయ్యకుండా లేచిపోయింది లేదు.

శుక్రవారం మూడొందలు. శనివారం మూడొందలు. ఆదివారం కూడా షాపు తెరిచారు, ఆదివారమూ మూడొందలే. శనివారం నాడు కృపావతి మీద విరుచుకుపడ్డాడు.

"నిజం చెప్పమ్మా. నేనెళ్లాక ఆ నీలం తెరలోకి ఎవరు వెళ్తున్నారు?"

"ఎవరూ వెళ్లట్లేదండీ."

"మరి అరవై ఆరు ఎవరు చేస్తున్నారు, గాలా?"

"నన్నడిగితే నాకేం తెలుస్తుందండీ? మీరెప్పుడన్నా చెప్పారా?" అంది ఆమె. మెత్తటి మాటే గానీ ఈసారి చురుక్కుమంది.

మెషిన్‌ని జగ్గయ్యపేట తీసుకెళ్లి రెండు రోజులు ఉంచుకుంటే తేలిపోయేది. సీజనులో రావుగారు ఒప్పుకోలేదు. ఆదివారం సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని శాంతయ్య ఐదు రోజులూ మళ్లీ లెక్కేసుకున్నాడు. తను ఉన్నప్పుడల్లా నిలుస్తోంది. తను లేనప్పుడే పోతోంది. తను ఎప్పుడూ పదకొండింటికి వస్తున్నాడు, ఐదింటికి పోతున్నాడు. తను పోయాక, మర్నాడు వచ్చేలోపు ఏం జరుగుతోందో వినడమే గానీ చూసింది లేదు. రేడియోల రోజుల్లో ఎవరైనా "గరగరమంటోంది" అంటే, తన చెవితో వినకుండా స్క్రూ ముట్టుకునేవాడు కాదు. ఇప్పుడు ఐదు రోజులుగా ఫోన్లో విని భాగాలు మారుస్తున్నాడు. తన మీద తనకే ఒళ్లు మండింది.

సోమవారం మొదటి బస్సుకి బయల్దేరి, రావుగారు తాళం తీసే వేళకి షాపు ముందు నిలబడ్డాడు.

"ఇంత పొద్దున్నే ఏంటయ్యా?"

"మీరు రోజూ ఏం చేస్తారో అదే చెయ్యండి. నేను లేననుకోండి."

రావుగారు షట్టర్ ఎత్తారు. పటానికి దణ్ణం పెట్టి అగరొత్తులు వెలిగించారు. గోడకి ఉన్న పెద్ద మెయిన్ స్విచ్ పైకి లేపారు. లైట్లు వెలిగాయి.

"రోజూ రాత్రి మెయిన్ ఆపేస్తారా?" అన్నాడు శాంతయ్య.

"బట్టల షాపు కాలిపోయిన దగ్గర్నుంచీ సెంటర్లో అందరం ఆపేస్తున్నాం. నీకు తెలీదా?"

తెలీదు. ముందున్న బటన్‌తో ఎన్నిసార్లు ఆపినా, ప్లగ్గులోంచి సన్నగా కరెంటు వస్తూనే ఉంటుంది. అది ఉన్నంతసేపు బ్యాటరీ చచ్చినా ఎవరికీ తెలియదు. మెయిన్ ఆపితేనే బయటపడుతుంది. కానీ టైము నిమిషం తేడా రాదంది కదా!

కృపావతి వచ్చింది. భుజాన సంచి, చేతిలో టిఫిన్ గిన్నె. కుర్చీలో కూర్చోకుండానే మెషిన్ బటన్ నొక్కింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగాయి. ఆమె తెర వంక చూడనైనా చూడలేదు. ఒక చేత్తో గిన్నె బల్ల కింద పెడుతూ, రెండో చేతి వేలితో కీబోర్డు మీద పై వరసలో ఒకటి నొక్కేసింది. అక్షరాలు మాయమై మెషిన్ ముందుకు కదిలింది.

"ఆగాగు! ఇప్పుడేం నొక్కావ్?"

"ఎఫ్ వన్ అండీ."

"ఎందుకు నొక్కావ్?"

"రోజూ నొక్కేదే కదండీ." ఆమె అప్పటికే తెర మూలనున్న గడియారం మీద మౌస్ పెట్టి రెండుసార్లు నొక్కింది. అక్కడ 1999 జనవరి ఒకటి అని ఉంది. చేతి వాచీ చూసుకుంటూ ఏడాది, నెల, తేదీ, గంటలు, నిమిషాలు వరసగా దిద్దింది.

"ఇదేంటి?"

"గడియారానికి కీ ఇస్తున్నానండీ. మా ఇంట్లో గోడ గడియారానికి నాన్న రోజూ పొద్దున్నే ఇస్తాడు చూడండీ, అట్లాగే. ఇవ్వకపోతే నిన్న చేసిన కార్డు ఏదో, మొన్న చేసింది ఏదో వెతుక్కోడానికి వీలవదు."

శాంతయ్య గొంతు లేచింది.

"బ్యాటరీ చచ్చిందమ్మా తల్లీ అని ఆ నల్ల తెర రోజూ మొత్తుకుంటుంటే, నువ్వు రోజూ దాని నోరు నొక్కుతున్నావా? ఎవరు చెప్పారు నీకు ఎఫ్ వన్ నొక్కమని?"

"మీరే అండీ."

సొరుగులోంచి అట్ట చిరిగిన నోట్‌బుక్ తీసి, మొదటి పేజీ తెరిచి, అతని ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు. 'స్విచ్ వెయ్యాలి. తెల్ల అక్షరాలు వచ్చి ఆగితే ఎఫ్ వన్ నొక్కాలి. శాంతయ్యగారు చెప్పినది.' కింద తేదీ. మెషిన్ బిగించిన రోజు.

కొత్తగా బిగించిన మెషిన్ మొదటి రోజు అలా ఆగడం మామూలే. ఆరోజు బస్సుకి టైమవుతోంది. నొక్కమన్నాడు.

"తర్వాత కొన్నాళ్లు రాలేదండీ. పోయిన వానాకాలం మళ్లీ మొదలైంది. పుస్తకంలో ఉంది కదా అని నొక్కా."

"నాకు చెప్పొద్దూ?"

"బిగించిన రోజే అడిగానండీ, ఎందుకూ అని. 'అవన్నీ నీకెందుకు, నొక్కి పని చూసుకో. ప్రతిదానికీ ఫోన్ చెయ్యకు' అన్నారు. అదీ రాసుకున్నా. రెండో లైను చూడండి."

రెండో లైను చూశాడు. ఉంది.

శాంతయ్య మూత విప్పి, ఐదు రోజులుగా సంచిలోనే ఉన్న మీటరు తీసి బ్యాటరీ కొలిచాడు. మూడు చూపించాల్సిన చోట ఒకటీ చిల్లర చూపించింది. సెంటర్లో గడియారాల షాపుకి నడిచి వెళ్లి కొత్తది తెచ్చి పెట్టాడు. నీలం తెరలో వంద చేశాడు. వెనక్కి తిరిగేసరికి షాపు ముందు ఆటో ఆగి ఉంది. భవానీప్రసాద్ దిగి, వెనక సీట్లో ఉన్న పెద్ద అట్టపెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"దించమంటారా బావగారూ?"

"ఒక్క పది నిమిషాలు" అన్నాడు శాంతయ్య. "రావుగారూ, మెయిన్ ఆపండి."

"షాపంతానా?"

"షాపంతా."

రావుగారు స్విచ్ దించారు. ఫ్యాన్లు మెల్లగా ఆగిపోయాయి. జిరాక్స్ కోసం వచ్చిన ఒకాయన చేతిలో కాయితాలతో గాలి విసురుకుంటూ "కరెంటు పోయిందా?" అని అడిగాడు. "లేదండీ, పోగొట్టారు" అన్నాడు భవానీప్రసాద్. శాంతయ్య వాచీ చూస్తూ నిలబడ్డాడు. పది నిమిషాలు అయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఆగాడు.

మెయిన్ లేచింది. కృపావతి బటన్ నొక్కి, అలవాటుగా వేలు పై వరస మీదికి తీసుకెళ్లింది.

"చెయ్యి తియ్యి!"

ఆమె చెయ్యి గాల్లో ఆగింది. తెల్ల అక్షరాలు వచ్చాయి. ఆగలేదు. పైకి జరిగిపోయాయి. వేగం చూపించే ప్రోగ్రాం తెరిస్తే నాలుగొందల యాభై. గడియారం తనంతట తనే సరైన టైము చూపిస్తోంది.

"ఇంతకీ జబ్బేంటట?" అన్నాడు భవానీప్రసాద్.

"బ్యాటరీ."

"బ్యాటరీయా! బిళ్లంత బ్యాటరీకి ఆరు రోజులా!" పగలబడి నవ్వాడు. జిరాక్స్ ఆయన కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వాడు.

రావుగారు కృపావతి వైపు తిరిగారు. "రోజూ ముందు కూర్చునేది నువ్వే కదమ్మాయ్. తేదీ పోతోందని ఒక్కసారన్నా చెప్పొద్దూ? సీజనంతా నాశనం చేస్తివి కదా!"

కృపావతి నోట్‌బుక్ మీద చెయ్యి పెట్టింది గానీ తెరవలేదు. శాంతయ్య వైపు చూసింది. అతను ఊరుకుంటే అక్కడితో అయిపోతుంది. వేగం నిలిచింది, తన మాటా నిలిచింది, సంచి సర్దుకుని వెళ్లిపోవచ్చు.

"ఆ అమ్మాయిని అనకండి" అన్నాడు విసుగ్గా. ఆ విసుగు ఎవరి మీదో అతనికి బాగా తెలుసు. "నొక్కమన్నది నేనే. ఎందుకో అడిగితే చెప్పలా. ఫోన్ కూడా చెయ్యొద్దన్నా. మొన్న బ్యాటరీ కొలవాల్సింది పోయి, టైము బాగుందా అని నోటితో అడిగి ఊరుకున్నా. తప్పు రెండు చోట్లా నాదే."

భవానీప్రసాద్ "చూశారా బావగారూ" అని మొదలుపెట్టాడు. రావుగారు చెయ్యెత్తి ఆపారు. కాసేపు మెషిన్ వంక, ఆటోలో పెట్టె వంక మార్చి మార్చి చూశారు.

"ప్రసాదూ, పెట్టె దించకు. ఈ సీజనుకి ఇది చాలు."

ఆటో కదిలి వెళ్లాక శాంతయ్యకి దగ్గరగా వచ్చారు.

"నీ చేతి మీద నాకెప్పుడూ అనుమానం లేదయ్యా. నీ నోటితోనే చిక్కొచ్చింది. మెషిన్ నువ్వే చూడు. కానీ ఇక మీదట వచ్చినప్పుడల్లా, ఈ అమ్మాయి అడిగినవాటికి జవాబులు చెప్పి వెళ్లాలి. చెప్పకుండా బస్సెక్కావని తెలిసిందో, ఆ తర్వాతి ఫోను విజయవాడకే."

"జవాబులా?"

"జవాబులే."

ఆరు రోజులు బస్సులో నిలబడి తిరగడం ఇంతకంటే తేలికనిపించింది శాంతయ్యకి. సంచి భుజానికి తగిలించుకున్నవాడు మళ్లీ దించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అడుగు."

"నిజంగానా అండీ?"

"తొందరగా అడుగు. పదింటి బస్సుంది."

కృపావతి నోట్‌బుక్ చివరి పేజీ తిప్పింది. రెండేళ్లుగా అడుగుదామనుకుని అడగలేనివన్నీ అక్కడ వరసగా రాసి ఉన్నాయి. పేజీ నిండి, అంచుల్లోకి కూడా పాకాయి.

"ఈ కొత్త బ్యాటరీ కూడా ఎప్పుడో చస్తుంది కదండీ. చచ్చేలోగా మనకి ముందే తెలిసే వీలుందా?"

'అవన్నీ నీకెందుకు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. నిజానికి ఆ ప్రశ్న తనకి తట్టలేదు. సంచిలోంచి మీటరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ ఎర్ర వైరు ఇటు పట్టుకో. ఇటు కాదు, ఇటు. ఆ... ఇప్పుడు ముల్లు ఎక్కడుందో చదువు."

"మూడండీ."

"రెండున్నర కిందికొస్తే నాకు ఫోన్ చెయ్యి. ఎన్నిసార్లయినా చెయ్యి. రాసుకో."

ఆమె రాసుకుంది. బయట సెంటర్లో పదింటి బస్సు హారన్ కొట్టింది.

"రెండోదండీ..." అంది కృపావతి.